లెన్సు మీది అంకె, కెమెరాలోని కొలత



గత సంచికలో ఈ శీర్షిక క్రింద ట్రైపాడ్ వాడకమును గురించి ముచ్చటించుకున్నాము. ఆ తరువాత అందిన ఉత్తరాలలో ఒక యువ సహోద్యోగి వ్రాసినది నన్ను ఆలోచింపజేసినది. ఆయన వ్రాసినదాని సారాంశమిది: "నా వద్ద క్రాప్ సెన్సారు కెమెరా ఉన్నది. దానితోపాటు వచ్చిన 18-55 లెన్సును ఇచ్చివేసి, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు ఉద్దేశించిన 24-70 లెన్సును కొనదలచాను. ఏనాడైనా ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నప్పుడు అదే పనికివస్తుంది కదా! తమరి సలహా ఏమిటి?"

సరిగా ఇదే ఆలోచన ఒకనాడు నేనూ చేశాను. అందువలన నా సలహాతోపాటు నా అనుభవాన్ని కూడా చెప్పడం న్యాయమని భావిస్తున్నాను. ముందుగా విషయాన్ని పరిశీలిద్దాము.

ఫుల్ అనగా దేనికి ఫుల్?

సినిమాల కోసం తయారైన 35 మి.మీ. ఫిల్మును అడ్డంగా నడిపించి, 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు గల చిత్రం వచ్చేటట్లు జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఇంజనీరు ఒక చిన్న కెమెరాను రూపొందించారు. అదే 1925లో లైకా పేరుతో మార్కెట్టులోకి వచ్చినది. ఆ పరిమాణమే తరువాత లోకమంతటికీ అలవాటై, డిజిటల్ యుగంలో ఫుల్ ఫ్రేమ్ అనే పేరు పొందినది. అంతకుముందు వారికి ఇది చాలా చిన్న చిత్రమే. మన హైదరాబాదు ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ గారు పెద్ద పెద్ద గాజు పలకల మీద చిత్రాలు తీసినవారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసిన ఆయన మన వృత్తివారే కావడం మనకు గర్వకారణం. ఏ పలకకు ఏ లెన్సు చాలునో చూసుకొనడం ఆ రోజులలో ఛాయాగ్రాహకుని మొదటి పాఠం. ఆ పాఠాన్ని మనం మరచిపోయాము. ఈ వ్యాసం దానిని గుర్తు చేయడానికే.

డిజిటల్ కెమెరాలు వచ్చిన తొలినాళ్ళలో 36 మి.మీ. వెడల్పు గల సెన్సారును తయారుచేయడం మిక్కిలి ఖర్చుతో కూడిన పని. కావున కంపెనీలు చిన్న సెన్సారును అమర్చాయి. 1999లో వచ్చిన నికాన్ డీ1 కెమెరా సెన్సారు వెడల్పు 24 మి.మీ. కంటే కొంచెం తక్కువ. నేడు నికాన్ వారి డీఎక్స్ సెన్సారు సుమారు 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు ఉంటుంది. కానన్ వారి క్రాప్ సెన్సారు ఇంకొంచెం చిన్నది; సుమారు 22.3 మి.మీ. వెడల్పు, 14.9 మి.మీ. ఎత్తు. వైశాల్యాన్ని లెక్కిస్తే డీఎక్స్ సెన్సారు ఫుల్ ఫ్రేమ్‌లో 42 శాతం మాత్రమే. కర్ణాల నిష్పత్తిని తీసుకుంటే నికాన్‌కు 1.5, కానన్‌కు 1.6 వస్తుంది. క్రాప్ ఫ్యాక్టర్ అని అందరూ చెప్పే అంకె ఇదే.

మారేది ఏది, మారనిది ఏది?

లెన్సు తన వెనుక ఒక గుండ్రని ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ లెన్సు ఏర్పరచే వృత్తం కనీసం 43.3 మి.మీ. వ్యాసం కలిగి ఉండాలి. అప్పుడే 36×24 దీర్ఘచతురస్రం మూలలతో సహా అందులో ఇముడుతుంది. క్రాప్ సెన్సారు కోసం తయారైన లెన్సుకు 28 మి.మీ. పైచిలుకు వృత్తం చాలు. వృత్తం చిన్నదైతే గాజు చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది, ధర తగ్గుతుంది. రెండు రకాల లెన్సులకూ మౌలికమైన భేదం ఇంతే.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటున్నది. "క్రాప్ లెన్సు మీద 18-55 అని వ్రాస్తే అది అప్పటికే లెక్క కట్టిన అంకె, ఫుల్ ఫ్రేమ్ లెన్సు అంకెను మాత్రమే 1.5తో గుణించాలి" అని కొందరు అనుకొంటారు. ఇది సరి కాదు. లెన్సు మీద మి.మీ.లలో వ్రాసేది దాని నాభ్యంతరం, అనగా ఫోకల్ లెంగ్త్. అది గాజు లక్షణం, సెన్సారుకు దానితో సంబంధం లేదు. డీఎక్స్ లెన్సు మీది 35, ఫుల్ ఫ్రేమ్ లెన్సు మీది 35 ఒక్కటే. రెండింటినీ ఒకే క్రాప్ కెమెరాకు తగిలించి ఒకేచోట నిలబడి చూస్తే, ఒకే దృశ్యం కనబడుతుంది. ఫుల్ ఫ్రేమ్ లెన్సు పంపిన అదనపు వెలుగు సెన్సారు చుట్టూ ఉన్న నల్లని గోడల మీద పడి వృథా అవుతుంది.

కాబట్టి మారేది దృష్టికోణం మాత్రమే. 50 మి.మీ. లెన్సు ఫుల్ ఫ్రేమ్ మీద కర్ణం వెంట సుమారు 47 డిగ్రీలు చూపగా, డీఎక్స్ మీద సుమారు 32 డిగ్రీలు చూపుతుంది. వస్తువుల దగ్గర, దూరాల మధ్య కనిపించే సంబంధం మాత్రం మనం నిలబడిన చోటును బట్టి ఉంటుంది గాని, సెన్సారును బట్టి కాదు. అలాగే ఎఫ్/2.8 వద్ద ఎక్స్‌పోజరు రెండు కెమెరాలలోను ఒక్కటే. అయితే అదే చోటు నుండి అదే దృశ్యం వచ్చేటట్లు తీసినప్పుడు నేపథ్యం మసకబారడంలో క్రాప్ మీది ఎఫ్/2.8, ఫుల్ ఫ్రేమ్ మీది ఎఫ్/4తో ఇంచుమించు సమానమవుతుంది.

పన్నెండు అడుగుల హాలు

ఇక నా అనుభవం. ఫిల్ము రోజులలో నేను ఫోటోగ్రఫీ నేర్చుకున్నాను. ఆనాడు 24 మి.మీ. లెన్సు అంటే గది మొత్తం పట్టే లెన్సు. ఆ అంకె మనసులో అలాగే నిలిచిపోయినది. 2013లో 24 మెగాపిక్సెళ్ళ డీఎక్స్ కెమెరా కొన్నాను. దానితో వచ్చిన 18-55 లెన్సు ప్లాస్టిక్‌దని చిన్నచూపు చూసి మా బావమరిది కుమారునికి ఇచ్చివేశాను. కూడబెట్టిన సొమ్ముతో ఫుల్ ఫ్రేమ్ 24-70 ఎఫ్/2.8 కొన్నాను. "కెమెరాలు మారుతాయి, లెన్సు నిలుస్తుంది" అని ఇంటిలో అందరికీ నచ్చజెప్పాను.

మరుసటి సంవత్సరం రాయపూర్‌లోని మా క్వార్టరులో మా తండ్రిగారి సహస్ర చంద్ర దర్శన కార్యక్రమం జరిగినది. శ్రీకాకుళం నుండి, విజయనగరం నుండి బంధువులు వచ్చారు. మా తండ్రిగారి అక్క, అనగా మా మేనత్త, ప్రయాణమంటే భయపడే మనిషి, తమ్ముని కోసం రైలెక్కి వచ్చినది. బయట వర్షం. కావున సామూహిక చిత్రాన్ని హాలులోనే తీయవలసి వచ్చినది. గోడకు వీపు ఆనించి నిలబడినా, ముందు వరుసకూ నాకూ మధ్య దూరం పన్నెండు అడుగులే. కెమెరాలో చూస్తే రెండు చివరల మనుషులు పడడం లేదు. "ఇంకొంచెం దగ్గరగా జరగండి, ఇంకొంచెం" అని నేను అంటూనే ఉన్నాను. కుర్చీలు అప్పటికే ఒకదానికొకటి తగులుతున్నాయి. చివరకు కుడివైపు చివరి కుర్చీలో ఉన్న మా మేనత్త లేచి, "నేను తప్పుకుంటానులే నాయనా, పిల్లలు పడేలా చూడు" అని వంటింటి వైపు వెళ్ళినది. నేను "అలాగే అత్తా, తరువాత విడిగా తీస్తాను" అన్నాను.

విడిగా రెండు చిత్రాలు తీసిన మాట నిజమే. కాని తమ్ముని పక్కన ఆమె ఉన్న చిత్రం ఒక్కటీ లేదు. మరుసటి సంక్రాంతికి ఆమె లేదు. మా తండ్రిగారు కొంతకాలం తరువాత ఆ సామూహిక చిత్రం చూస్తూ, "అక్క ఏదిరా?" అని ఒక్కమాట అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయినది.

తరువాత ఒకరోజు కాగితం తీసుకుని లెక్క వేశాను. ఈ లెక్క ఎనిమిదవ తరగతి పిల్లలు కూడా చేయగలరు. చిత్రంలో పట్టే వెడల్పు కావాలంటే, దూరాన్ని సెన్సారు వెడల్పుతో గుణించి, నాభ్యంతరంతో భాగించాలి. పన్నెండు అడుగులు అంటే సుమారు 3.6 మీటర్లు. 24 మి.మీ. లెన్సుతో డీఎక్స్ కెమెరా మీద 3.5 మీటర్ల వెడల్పు పడుతుంది. నేను ఇచ్చివేసిన 18 మి.మీ. లెన్సుతో 4.7 మీటర్లు పడేది. తేడా 1.2 మీటర్లు. అనగా రెండు కుర్చీలు. అదే 24 మి.మీ. లెన్సు ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 5.4 మీటర్లు పట్టేది. నా మనసులో ఉన్నది ఆ 5.4. నా చేతిలో ఉన్నది 3.5.

రెండు సగాలుగా తీసి తరువాత అతికించవచ్చును గదా, మూల నుండి ఐమూలగా తీయవచ్చును గదా అని పాఠకులు అడగవచ్చు. నిజమే. ఆ హడావిడిలో ఆ రెండూ తోచలేదు.

ఫుల్ ఫ్రేమ్ లెన్సు మేలు చేసే చోట

అంతమాత్రాన క్రాప్ కెమెరా మీద ఫుల్ ఫ్రేమ్ లెన్సు వాడరాదని నేను చెప్పడం లేదు. అది చాలా మేలు చేసే సందర్భాలు ఉన్నాయి.

రాయపూర్ నుండి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో మహానది ఒడ్డున సిర్పూర్ ఉన్నది. అక్కడి లక్ష్మణ దేవాలయం ఏడవ శతాబ్దం నాటిది. రాణి వాసట తన భర్త హర్షగుప్తుని స్మృతికి కట్టించిన ఇటుక గుడి అది. ఇటుక వరుసలు నేటికీ దారం పట్టినట్లు తిన్నగా ఉంటాయి. మామూలు 18-55 లెన్సును 18 వద్ద ఉంచి దగ్గర నుండి తీస్తే, చిత్రం అంచులలో ఆ వరుసలు పీపా పక్కలవలె బయటికి వంగి కనబడతాయి. అదే గుడిని కొంచెం వెనుకకు జరిగి ఫుల్ ఫ్రేమ్ 35 లేదా 50 మి.మీ. స్థిర నాభ్యంతర లెన్సుతో తీస్తే వరుసలు తిన్నగా వస్తాయి. కారణం సులభం. లెన్సులలో వంపు, మసక, మూలల చీకటి వంటి దోషాలు సాధారణంగా వృత్తం అంచులలోనే ఎక్కువ. క్రాప్ సెన్సారు ఆ అంచులను వదలి మధ్యభాగాన్ని మాత్రమే తీసుకుంటుంది. ద్వారబంధం పైభాగాన చెక్కిన శేషశాయి విష్ణుమూర్తిని తీయడానికి 85 లేదా 100 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ లెన్సు మరింత అనుకూలం.

రెండవ సందర్భం అడవి. పూర్వపు రాయపూర్ జిల్లాలో, నేటి బలోదాబజార్ ప్రాంతంలో బార్నవాపారా అభయారణ్యం ఉన్నది. అక్కడ అడవిదున్నలు, దుప్పులు, చిరుతలు ఉన్నాయి. జంతువులు మన వద్దకు రావు, మనం వాటి వద్దకు పోరాదు. 300 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ లెన్సును క్రాప్ కెమెరాకు అమర్చితే 450 మి.మీ.కు సమానమైన దృష్టికోణం లభిస్తుంది. లెన్సు శక్తి పెరిగినది కాదు. దృశ్యం మధ్యభాగాన్ని చిన్న సెన్సారు మీది ఎక్కువ బిందువులు నమోదు చేస్తున్నాయి, అంతే. అయితే చేతి వణుకు కూడా అదే నిష్పత్తిలో కనబడుతుంది. సెకనులో 300వ వంతు చాలుననుకున్నచోట 500వ వంతు వాడడం మంచిది.

ఇంకొక సంగతి. పొడుగు నాభ్యంతరాలలో క్రాప్ సెన్సారు కోసం ప్రత్యేకంగా తయారైన నాణ్యమైన లెన్సులు తక్కువ. అక్కడ వృత్తం చిన్నదైనందువలన బరువులో పెద్దగా ఆదా కూడా ఉండదు. కాబట్టి 70-300 గాని, 200-500 గాని ఫుల్ ఫ్రేమ్‌ది కొనడంలో నష్టమేమీ లేదు.

మేలు చేయని చోట

వెడల్పు దృశ్యాలలో సంగతి తిరగబడుతుంది. బస్తర్‌లో ఇంద్రావతి నది చిత్రకోట్ వద్ద సుమారు 29 మీటర్ల ఎత్తు నుండి దూకుతుంది. ఆ ఇంద్రావతి చివరకు మన గోదావరిలోనే కలుస్తుంది. వర్షాకాలంలో జలపాతం వెడల్పు దాదాపు 300 మీటర్లు. పై లెక్క ప్రకారం డీఎక్స్ కెమెరా మీద 24 మి.మీ. లెన్సుతో అంత వెడల్పు పట్టాలంటే 306 మీటర్ల దూరం వెళ్ళాలి. 18 మి.మీ.తో 230 మీటర్లు, 12 మి.మీ.తో 153 మీటర్లు చాలు. క్రాప్ కెమెరా కోసం నికాన్ వారు 2017లో తెచ్చిన 10-20 గాని, కానన్ వారు 2014లో తెచ్చిన 10-18 గాని పావు కిలో బరువైనా తూగవు. అంత వెడల్పు చూపే ఫుల్ ఫ్రేమ్ లెన్సులు సాధారణంగా వీటికంటే బరువుగా ఉంటాయి.

నాణ్యత విషయంలోనూ ఒక మెలిక ఉన్నది. 24 మెగాపిక్సెళ్ళు ఫుల్ ఫ్రేమ్ సెన్సారు మీద ఉంటే మిల్లీమీటరుకు 167 బిందువులు వస్తాయి. అవే డీఎక్స్ మీద ఉంటే 255 వస్తాయి. అనగా క్రాప్ కెమెరా లెన్సు నుండి ఒకటిన్నర రెట్లు సన్నని వివరాన్ని అడుగుతున్నది. ఏ4 కాగితం మీద అచ్చు వేసినప్పుడు క్రాప్ చిత్రం 12 రెట్లకు పైగా పెద్దదవుతుంది. ఫుల్ ఫ్రేమ్ చిత్రం 8 రెట్లు మాత్రమే. ఫిల్ము కాలం నాటి పాత జూమ్ లెన్సులు క్రాప్ కెమెరా మీద కొంచెం మెత్తగా కనబడడానికి కారణమిదే. అంచుల దోషం పోతుంది, మధ్యభాగపు పరీక్ష కఠినమవుతుంది. రెండింటినీ కలిపి చూడాలి.

బరువును కూడా లెక్కించండి. నా 24-70 బరువు 900 గ్రాములు. నేను చిన్నచూపు చూసిన 18-55 తరగతిలో తరువాత వచ్చిన లెన్సు ఒకటి 200 గ్రాములకు లోపే. ఎఫ్/2.8 వెలుగే కావాలనుకునేవారికి క్రాప్ కెమెరా కోసమే తయారైన 17-55 ఎఫ్/2.8 లెన్సులు నికాన్‌లో 2003 నుండి, కానన్‌లో 2006 నుండి ఉన్నాయి. అవి నేడు వాడిన సరుకుగా దొరుకుతాయి. నాకు నిజంగా కావలసినది అటువంటిదే.

అమరికలో జాగ్రత్తలు

కానన్ ఈఎఫ్ లెన్సులు ఆ కంపెనీ క్రాప్ డీఎస్ఎల్ఆర్ కెమెరాలకు సరిపోతాయి. కాని క్రాప్ కోసం తయారైన ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు అమరవు. నికాన్‌లో రెండూ రెండింటికీ అమరుతాయి. డీఎక్స్ లెన్సు పెట్టినప్పుడు ఫుల్ ఫ్రేమ్ కెమెరా తానే చిత్రాన్ని కత్తిరించుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ళలో సుమారు 10 మిగులుతాయి. నికాన్ డీ3000, డీ5000 శ్రేణి కెమెరాలలో ఫోకస్ మోటారు లేదు. కావున పాత ఏఎఫ్-డి రకం 50 మి.మీ. లెన్సు వాటి మీద తనంతట తాను ఫోకస్ చేయదు. ఏఎఫ్-ఎస్ అని ఉన్నది తీసుకోవాలి. 2018లో కానన్ ఆర్ఎఫ్, నికాన్ జెడ్ అమరికలు వచ్చిన తరువాత కొత్త లెన్సులు ఎక్కువగా మిర్రర్‌లెస్ కెమెరాలకే వస్తున్నాయి. పాత లెన్సులను అడాప్టరుతో వాటిమీద వాడవచ్చును. "రేపటి కెమెరా కోసం నేడే లెన్సు" అనే వాదం ఈ మార్పుతో మరింత బలహీనపడినది. నేను కొందామనుకున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాను ఈనాటి వరకు కొనలేదు.

కొనేముందు

యువ మిత్రునికి నా సలహా ఇది. మీ వద్ద ఉన్న 18-55తో ఇంతవరకు తీసిన చిత్రాలను కంప్యూటరులో తెరచి, ఏ నాభ్యంతరం వద్ద ఎక్కువ తీశారో చూడండి. ఆ వివరం ప్రతి చిత్రంలోనూ నమోదై ఉంటుంది. 18 నుండి 23 మధ్యవి ఎక్కువగా ఉంటే 24-70 మీకు కాదు. 55 వద్దే ఆగిపోయి ఇంకా ముందుకు పోవాలనిపించినవి ఎక్కువైతే, ఫుల్ ఫ్రేమ్ 85 గాని 70-300 గాని మీకు మేలు చేస్తుంది. ఇంటిలో మనుషులను తక్కువ వెలుగులో తీయదలిస్తే 35 మి.మీ. ఎఫ్/1.8 క్రాప్ లెన్సు తక్కువ ఖర్చులో మంచి నేస్తం. ఏది కొన్నా 18-55ను మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఒక్క పని తప్పక చేయండి. టేపు తీసుకుని మీ హాలు పొడవు కొలవండి. కెమెరా పట్టుకుని గోడకు ఆనుకుంటే ముందు వరుస ఎంత దూరంలో ఉంటుందో చూసి, పై సూత్రంతో లెక్క వేయండి. వచ్చిన అంకెలో మీ ఇంటి మనుషులందరూ పడుతున్నారో లేదో చూసుకున్న తరువాతనే దుకాణానికి వెళ్ళండి.

నా 24-70 నేటికీ నా వద్దనే ఉన్నది. మంచి లెన్సు, దాని తప్పేమీ లేదు. మా బావమరిది కుమారుడు ఆ 18-55ను కొన్నేళ్ళ క్రితం తిరిగి తెచ్చి ఇచ్చాడు. ఇంటిలో శుభకార్యమేదైనా ఉంటే ముందుగా సంచిలో పెట్టేది దానినే.

వచ్చే సంచికలో వర్షాకాలంలో లెన్సులకు బూజు పట్టకుండా కాపాడుకొనే విధానాన్ని గురించి తెలుసుకుందాము.